చిన్నద్దం, పెద్దద్దం

స్టోరు తాతయ్యను ఎవరైనా పిసినారి అంటే ఆయన కోడలు ఊరుకునేది కాదు. "పిసినారి కాదండీ, పొదుపరి" అనేది. రెండింటికీ తేడా ఏమిటని నిలదీస్తే, "పిసినారి పక్కవాడికి పెట్టడు, మా మామయ్య తనకే పెట్టుకోరు" అని నవ్వేసేది. అలాంటి కోడలు దొరకడం ఆయన అదృష్టం. నన్నడిగితే మాత్రం ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి అనే చెబుతాను.

ఒక పెద్ద ఫ్యాక్టరీలో సామాన్ల గది చూసుకోవడంతో ఆయన ఉద్యోగం మొదలైంది, అక్కడే ముగిసింది. మేకు దగ్గర్నుంచి మోటారు దాకా ఏది బయటికెళ్ళినా, ఏది లోపలికొచ్చినా ఆయన చేతి మీదుగానే. అందుకని స్టోరాయన అన్నారు. మనవరాలు పుట్టాక స్టోరు తాతయ్య అయ్యాడు. మనిషి రిటైరైనా బుద్ధి రిటైరు కాదు కదా! అరిగిపోయిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అంటించేవాడు. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఇల్లు అంటుకున్నట్టు పరిగెత్తేవాడు.

కారుకు ఇన్సూరెన్స్ చేయించిన రోజూ అంతే. కొడుకు డ్యూటీలో ఉన్నాడు కాబట్టి ఏజెంటుతో బేరం ఈయనదే.

"ఏది పగిలినా విరిగినా ముందు కొంత మీరే పెట్టుకోవాలండీ. దాన్నే డిడక్టబుల్ అంటారు. ఆ పైన అయ్యేది మా కంపెనీ చూసుకుంటుంది. మీ వాటా ఎక్కువ పెట్టుకుంటే ఏటా కట్టే ప్రీమియం తగ్గుతుంది" అన్నాడు ఏజెంటు.

తాతయ్య కళ్ళు మెరిశాయి. "అయితే మా వాటా అన్నిటికంటే ఎక్కువ ఎంతుందో అదే రాయండి."

"అద్దాలకి విడిగా ఒక కవరుంది సార్. అది తీసుకుంటే అద్దం పగిలినా మీ వాటా ఉండదు. చంటిపిల్ల ఉన్న ఇల్లు, తీసుకోండి."

"మా కారద్దం పగలగొట్టే మొనగాడు ఎవడయ్యా?"

ఆ మొనగాడు తనేనని పాపం అప్పటికి తెలియదు.

అసలు సంగతి కోడలి పన్నునొప్పితో మొదలైంది. పళ్ళ డాక్టరు పై అంతస్తులో ఉన్నాడు. కారు కింద ఆవరణలో ఎండలోనే పెట్టాల్సి వచ్చింది. వెనక సీట్లో, పిల్లల కుర్చీలో, బుజ్జిది నిద్రపోతోంది. రెండేళ్ళ పిల్ల. "ఇంజను ఆపకండి మామయ్యా, ఏసీ ఉండనివ్వండి. నేను ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా" అని చెంప పట్టుకుని మెట్లెక్కింది కోడలు.

ఆవిడ వీపు కనుమరుగు కాగానే తాతయ్య ఇంజను ఆపేశాడు. నిలబడ్డ కారు పెట్రోలు తాగడమేంటి, విడ్డూరం కాకపోతే! లోపలింకా చల్లగానే ఉంది కదా అనుకున్నాడు. ఇంతలో బుజ్జిది లేచింది, రాగం తీసింది. చేతిలో ఉన్న తాళంచెవి ఇచ్చాడు. ఏడుపు ఆగింది. ఇంతకంటే చవకైన బొమ్మ ఏ కొట్లో దొరుకుతుంది చెప్పండి? ముందద్దం మీద ఏదో పిట్ట రెట్ట వేసి పోయింది. అది ఎండిపోతే వదలదని, పాతగుడ్డ తీసుకుని కిందికి దిగాడు. దిగి, ఉన్న చల్లదనం బయటికి పోకుండా తలుపు గట్టిగా మూశాడు.

టక్కుమని చప్పుడైంది. నాలుగు తలుపులకీ ఒకేసారి తాళం పడింది. లోపల బుజ్జిది తాళంచెవి మీద బొత్తాం నొక్కి, ఆ చప్పుడుకి పడిపడి నవ్వుతోంది.

"మళ్ళీ నొక్కు తల్లీ, ఇంకోసారి నొక్కు, మా బంగారం కదూ" అని అద్దానికి మొహం ఆనించి బతిమాలాడు తాతయ్య. తాత ఆటాడుతున్నాడనుకుంది పిల్ల. తాళంచెవి ఎగరేసింది. అది సీటు కిందకు పోయింది. ఫోను చూద్దామంటే అదీ కారులోనే ఉంది. పైకి పరిగెత్తి కోడల్ని పిలుద్దామంటే పిల్లని వదిలి కాలు కదలడం లేదు. ఎవరైనా ఉన్నారా అని గొంతు చించుకుని అరిచాడు. మిట్టమధ్యాహ్నం, ఆవరణలో పురుగు కూడా లేదు. నవ్వుతున్న పిల్ల కాస్తా ఏడుపందుకుంది. మొహం కందగడ్డలా అయింది, జుట్టు చెమటకి తడిసి నుదుటికి అంటుకుపోయింది. ఆయనకు పైప్రాణాలు పైనే పోయాయి.

అక్కడ పడి ఉన్న ఇటుకముక్క చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, కారు చుట్టూ తిరిగాడు. ముందద్దం పెద్దది. తలుపుల అద్దాలూ పెద్దవే. వెనక తలుపు చివర మూడు మూలల చిన్నద్దం ఒకటుంది, అరచేయంత. ఇది చాల్లే, చిన్నది కదా, తక్కువలో పోతుంది అనుకున్నాడు. లోపల మనవరాలు ఉడికిపోతుంటే! తిట్టకండి ఆయన్ని. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మీరు తిట్టే తిట్లన్నీ ఆయన తర్వాత తనని తానే తిట్టుకున్నాడు.

చిన్నద్దం మొండికేసింది. కొట్టగా కొట్టగా పగిలింది. చెయ్యి లోపలికి దూర్చాడు. మోచేయి దాకా వెళ్ళి ఇరుక్కుంది. తలుపు తీసే పిడి అందలేదు, అంచుకు తగిలి చర్మం చీరుకుపోయింది. అలా చెయ్యి లోపల, మనిషి బయట నిలబడి ఉండగా, పక్కనే కడుతున్న భవనం వైపు నుంచి ఒక ఆడమనిషి పరిగెత్తుకుంటూ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము, చేతిలో చిన్న సుత్తి. ఒక్క మాట అడగలేదు. అవతలి వైపు ముందు తలుపు దగ్గర నిలబడి లోపలికి ఒకసారి చూసి సుత్తి ఎత్తింది. తర్వాతి సంగతులు తాతయ్యకు సరిగా గుర్తులేవు. పెద్దద్దం భళ్ళుమంది. తలుపు తెరుచుకుంది. ఆవిడ సీటు మీదుగా పాక్కుంటూ వెళ్ళి బెల్టు విప్పి, పిల్లని ఎత్తుకుని బయటపడింది. తన సీసాలో నీళ్ళు పిల్ల నెత్తిన పోసి, మెడకున్న తువ్వాలుతో విసిరింది. బుజ్జిది ఆవిడ భుజం మీద గట్టిగా ఊపిరి పీల్చి, ఆవరణ అదిరేలా ఏడ్చింది. అంత కమ్మని ఏడుపు ఆయన జన్మలో వినలేదు.

"ఇంద, పట్టుకోండి తాతా. నీడకి పదండి" అని పిల్లని ఆయన చేతుల్లో పెట్టింది.

అద్దం చప్పుడుకి కాపలావాడు ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు. అరిచి చచ్చినప్పుడు రానివాడు, అద్దం అనేసరికి వచ్చాడు! "ఎవరు పగలగొట్టారు? ఈ కారద్దం ఖరీదెంతో తెలుసా? మీ జీతాలకి వచ్చే అద్దమేనా ఇది?" అని కేకలేశాడు. అదే సమయానికి కోడలు మెట్ల మీంచి పడుతూ లేస్తూ వచ్చింది. పిల్లని హత్తుకుని, ఒళ్ళంతా తడిమి చూసుకుని, సంగతి తెలుసుకుని, "ఎవరు మామయ్యా? ఎవరావిడ? ఏరీ?" అని చుట్టూ చూసేసరికి సుత్తి పట్టుకొచ్చిన మనిషి లేదు. గాజుపెంకుల మధ్య సుత్తి మాత్రం మిగిలింది.

ఇంటికొచ్చాక తాతయ్య అన్నం ముట్టలేదు. ఇక ఈ పిల్లని నాకెవరు వదిలిపెడతారు, వదలకపోవడమే న్యాయం అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కోడలు పనికి బయల్దేరుతూ, రోజూలాగే బుజ్జిదాన్ని తెచ్చి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టింది.

"నాకిస్తున్నావేంటమ్మా?" అన్నాడు.

"ఇంకెవరికివ్వాలి? చేతికి కట్టు తడపకండి మామయ్యా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ తల్లికి ఎలా చెప్పాలి తను చిన్నద్దం కోసం వెతికానని? ఆ సంగతి తెలిసింది లోకంలో ఇద్దరికేనని ఆయన లెక్క: తనకీ, ఆ సుత్తి మనిషికీ.

కారు అద్దాల షాపుకి కోడలూ ఆయనా బుజ్జిదాన్ని తీసుకుని వెళ్ళారు. షాపువాడు చుట్టూ తిరిగి చూసి, "పెద్దద్దం ఇవాళే వేసేస్తా. చిన్నదే, తెప్పించాలి. ఖరీదు కూడా దానిదే ఎక్కువ" అన్నాడు.

"చిన్నదానికా?"

"చుట్టూ రబ్బరు పోతపోసి, తయారైపోయి వస్తుంది తాతగారూ. పిట్ట కొంచెం కూత ఘనం. చిన్నది కదా చవకని చాలామంది దాన్నే కొడతారు, తర్వాత లబోదిబోమంటారు" అని నవ్వాడు షాపువాడు. కోడలూ నవ్వింది. తాతయ్య నేల చూశాడు.

ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నష్టం లెక్కగట్టే సర్వేయరు కూడా ఆ షాపుకే వచ్చాడు. కుర్రాడు మర్యాదస్తుడే. ఫోటోలు తీసుకున్నాడు, పాపని పలకరించాడు. "మీ వాటా పెద్దది పెట్టుకున్నారండీ. రెండద్దాలూ కలిపినా అందులో చాలా భాగం మీ మీదే పడుతుంది" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఒక దారుంది. పెద్దద్దం బయటివాళ్ళు పగలగొట్టారని విన్నాను. ఎవరో ఎక్కడ పనిచేస్తారో చెప్పండి చాలు. ఆ సొమ్ము మా కంపెనీ ఆ పగలగొట్టినవాళ్ళ దగ్గరే వసూలు చేసుకుంటుంది, మీ వాటాతో సహా. మీకు నయాపైసా ఖర్చుండదు" అన్నాడు.

నయాపైసా ఖర్చుండదు! ఆ మాటంటే చెవి కోసుకునే మనిషి తాతయ్య. కోడలు కంగారుగా ఆయన వైపు చూసింది.

"బయటివాళ్ళెవరూ లేరు బాబూ. రెండూ నేనే కొట్టాను" అన్నాడాయన.

సర్వేయరు కట్టు కట్టిన చేతిని చూశాడు, అవతలి వైపున్న పెద్దద్దాన్ని చూశాడు. "తాతగారూ, ఇంటివాళ్ళే కావాలని పగలగొట్టారంటే మా కంపెనీ అసలేమీ ఇవ్వదు. మొత్తం మీరే పెట్టుకోవాలి. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించే చెప్పాను. క్లెయిము వద్దు, ఏమీ వద్దు. మొత్తం నేను పెట్టుకుంటాను. నా పెన్షన్ లోంచి."

బయటికొచ్చాక కోడలు, "మామయ్యా, మీరేనా!" అంది.

"పోయిన వస్తువు వెతికి తెచ్చిచ్చినవాళ్ళకి తిరిగి బిల్లు వేసే స్టోరు ఎక్కడైనా ఉంటుందా అమ్మా? నా సర్వీసులో చూడలేదు" అన్నాడు తాతయ్య. చెప్పొద్దూ, డబ్బు పోతుంటే ఆయనకు ఒళ్ళు తేలికవడం అదే మొదటిసారి.

మనసు మాత్రం తేలిక కాలేదు. ఆ మనిషికి థ్యాంక్స్ చెప్పలేదు. పైగా ఆ కాపలావాడి కేకలు వినే ఆవిడ పారిపోయింది. ఎక్కడో కూర్చుని, అద్దానికి పట్టుకుంటారేమో, పని పోతుందేమో అని బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. ప్రాణం నిలబెట్టినందుకు ఆవిడకు దక్కింది భయమా? ఆ ఆలోచనే ఆయన్ని తినేసింది. సుత్తిని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాడు. ఒక వైపు చదరంగా, ఒక వైపు కోసుగా ఉన్న తల, పిడికి అంటుకున్న తెల్ల సిమెంటు. టైల్స్ వేసేవాళ్ళది. ఎవరి సామాను వాళ్ళకు చేర్చకపోతే ఎప్పుడూ నిద్రపట్టని మనిషి, ఈ సామాను విషయంలో ఎలా ఊరుకుంటాడు?

పళ్ళ డాక్టరు పక్కన కడుతున్న భవనానికి వెళ్ళాడు. "టైల్స్ అక్కా? ఆ రోజు నుంచి ఇటు రావట్లేదు. సుత్తి పోగొట్టుకుందని మేస్త్రీ తిట్టాడు కూడా" అన్నారు అక్కడివాళ్ళు. ఎక్కడుందంటే ఒకరు ఆ వీధన్నారు, ఒకరు ఈ వీధన్నారు. బుజ్జిదాన్ని చంకనేసుకుని రోజూ సాయంత్రం కొత్త కట్టడం కనిపించిన చోటల్లా ఆగి అడిగాడు. ఆటో ఎక్కాల్సిన చోటికి ఆటో ఎక్కాడు! ఆ మాట విని కొడుకు నమ్మలేదు. "నాన్న? ఆటోలోనా?" అని రెండుసార్లు అడిగాడు.

చివరికి ఊరి చివర కడుతున్న ఒక స్కూల్లో ఉందని కబురు తెలిసింది. సెలవురోజు చూసుకుని కోడలే కారు తీసింది. చిన్నద్దం ఇంకా రాలేదు, దాని స్థానంలో ప్లాస్టిక్ కాగితం టపటప కొట్టుకుంటోంది.

పొడుగాటి వరండాలో ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, టైలు పలక పక్కన పలక పేర్చుకుంటూ పోతోంది. అలికిడికి తలెత్తింది. తాతయ్యను చూసి గభాలున లేచి నిలబడింది. మొహంలో నెత్తుటిచుక్క లేదు. వెనక్కి ఒక అడుగు వేసింది కూడా. అప్పుడు చంకలో ఉన్న పిల్ల కనిపించింది.

"పాప బాగుందా?" అంది. మొదట ఆ మాటే అంది.

"బాగుందమ్మా" అన్నాడు తాతయ్య.

అప్పుడు మళ్ళీ భయం గుర్తొచ్చినట్టుంది. గబగబా మాట్లాడింది. "నేను కావాలని పారిపోలేదు తాతా. మొన్నామధ్య ఒకచోట సింకుకి బీట వచ్చిందని నెల కూలి మొత్తం పట్టేసుకున్నారు. ఇంట్లో అమ్మ ఉంది, మందులున్నాయి. కారద్దమంటే నావల్ల ఒక్కసారిగా కాదు. కొంచెం కొంచెంగా ఇచ్చుకుంటాను. మేస్త్రీకి మాత్రం చెప్పకండి."

"ఏ అద్దం తల్లీ?" అన్నాడు తాతయ్య.

ఆవిడకు అర్థం కాలేదు.

"ఏ అద్దం? నువ్వు ఏ అద్దమూ పగలగొట్టలేదు. రెండూ నేనే పగలగొట్టానని చెప్పేశాను. ఆ సంగతి అక్కడితో అయిపోయింది. ఇకమీదట ఎవరు ఏ అద్దం పేరెత్తినా నా దగ్గరికి పంపించు." పిల్లని కిందికి దించి, సంచిలోంచి సుత్తి తీసి రెండు చేతులతో ఇచ్చాడు. "ఇది నీది. తుడిచి, నూనె రాసి తెచ్చాను."

కోడలు ఇక ఆగలేకపోయింది. వెళ్ళి ఆవిడను కావలించుకుంది. "నా బిడ్డని నాకిచ్చావక్కా. ఏమిచ్చి నీ రుణం తీర్చుకోను?" అని బావురుమంది. "అయ్యో, మీ చీరకి సిమెంటు, సిమెంటు" అంటూ ఆవిడ చేతులు ఎడంగా పట్టుకుంది గానీ, ఎంతసేపని పట్టుకుంటుంది? తనూ చుట్టేసింది.

వాళ్ళిద్దరూ కళ్ళు తుడుచుకున్నాక తాతయ్య గొంతు సవరించుకున్నాడు. ఇక ఆ మాట దాచుకుంటే కోడలు తనమీద పెట్టుకున్న నమ్మకం అరగదనిపించింది.

"అమ్మాయ్, నువ్వు చూసే ఉంటావు. మా కోడలు కూడా వినాలి. ఆ రోజు నేను ఇటుకముక్క పట్టుకుని కారు చుట్టూ తిరిగాను. ఏది చవకో చూశాను. లోపల నా మనవరాలు ఏడుస్తుంటే నేను ధర చూశాను. చెయ్యి పట్టని అద్దం పగలగొట్టి ఇరుక్కుపోయాను. నువ్వు రాకపోతే..." కోడలి మొహం చూడటానికి ధైర్యం చాలలేదు.

టైల్స్ అక్క ఆయన్ని వింతగా చూసింది.

"మీరు చుట్టూ తిరగడం నేను చూళ్ళేదు తాతా. నేను వచ్చేసరికి మీ చెయ్యి లోపలుంది. నేను సుత్తి ఎత్తాక కూడా కొట్టడానికి చెయ్యి రాలేదు. గాజంతా పాప కళ్ళలో పడుతుందేమోనని నేను బిక్కచచ్చిపోయాను. అప్పుడు మీరు ఆ సందులోంచే చెయ్యి ఇంకా లోపలికి తోశారు. రక్తం కారిపోతోంది, అయినా తోశారు. తోసి, అరచెయ్యి తెచ్చి పాప మొహం మొత్తం కప్పేశారు. అది చూసే కొట్టాను. మీ చెయ్యి లేకపోతే నాకు కొట్టే ధైర్యం లేదు."

తాతయ్య కట్టు విప్పిన తన చేతిని తిప్పి చూసుకున్నాడు. మోచేతి మీద ఇంకా మానని గీతలున్నాయి. చెయ్యి ఇరుక్కుంది కాబట్టి చీరుకుందని అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"నాకు గుర్తులేదమ్మా" అన్నాడు.

"నాకు గుర్తుంది" అంది ఆవిడ.

ఆయన అక్కడే, కొత్త పలకల పక్కన, పొడి ఇసుక మీద కూలబడి ఏడ్చాడు. ఇంట్లో ఎవరూ ఆయన ఏడవగా చూడలేదు. "ఊరుకోండి మామయ్యా" అంటూనే కోడలు ఆయన పక్కన కూర్చుని ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. బుజ్జిదాన్ని టైల్స్ అక్క ఎత్తుకుంది.

"నీ కడుపు చల్లగుండాలి తల్లీ, నువ్వూ మీ అమ్మా చల్లగా ఉండాలి" అని తాతయ్య అంటూనే ఉన్నాడు, ఏడుస్తూనే ఉన్నాడు.

"ఇక చాల్లే తాతా, పాప భయపడుతుంది" అంది ఆవిడ.